మా చెల్లి తల మీద నా జుట్టు

రోజు 1

ఆఫీసు పుస్తకంలో రాసింది ఇంతే: తట్ట 93. మూలకణాలు చల్లాను. వేడి ముప్పై ఏడు. తేట రెండు పూటలా పోశాను. రంగు ఇంకా లేదు. సంతకం, దాలమ్మ.

అంతకంటే రాయడానికి అక్కడ గడులు లేవు. మిగిలింది రాసుకోవడానికి ఈ రెండో పుస్తకం పెట్టాను. ఇది బియ్యం డబ్బా వెనక ఉంటుంది. మా ఆయన అన్నం జోలికే గాని బియ్యం జోలికి రాడు, కాబట్టి ఇక్కడ ఏం రాసినా నా ఇష్టం.

పొద్దున శాంతారావు మేస్త్రి నన్ను చల్లగదిలోకి పిలిచి చిటికెనవేలంత సీసా చేతిలో పెట్టాడు. మా పెంపకశాలలో మూలకణాలు ఇచ్చినవాళ్ళ పేరు ఎక్కడా రాయరు. సీసా మీద అంకె ఉంటుంది, తట్ట మీద పెట్టించుకోబోయేవాళ్ళ పేరు ఉంటుంది. ఈ తట్ట మీద పేరు బంగారమ్మ. మా చెల్లి.

"సొంతోళ్ళ తట్ట సొంతోళ్ళు పెంచకూడదు కదా మేస్త్రీ," అన్నాను.

"రూలు నాకు తెల్దేటి? ఈ తట్ట సూడాల్సిన కామేశ్వరికి ఆటలమ్మ పోసింది. ఇంకెవరున్నారు నాకు? అయినా సెల్లి తట్ట అప్ప సేతిలో పెరిగినట్టు ఇంకెక్కడ పెరుగుద్దే," అన్నాడు. నాకేదో మేలు చేసినట్టు నవ్వాడు కూడా.

సీసా మీది అంకె చూసుకున్నాను. చూడక్కర్లేదు, అది నాకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు. ఆ సీసాలో ఉన్నది నేను. పద్దెనిమిదేళ్ళ నేను. చల్లగదిలో నావి నాలుగు సీసాలుండేవి, మూడు అయిపోయాయి. ఇదే చివరిది.

రోజు 2

పెంపకశాల గుమ్మం పక్క గోడ నిండా బంగారి బొమ్మ ఉంది. పడవ ముందు నిలబడి, గాలికి జుట్టు ఎగురుతుంటే, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద 'రేవుమెట్ట పెంపకశాల, పాతికేళ్ళు' అని రాసి ఉంది. ఉప్పుగాలికి బొమ్మ మీద తెల్లగా పేరుకుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవడం నా వంతు. నా జుట్టును నేనే తుడుస్తుంటాను, అదీ దాని తల మీద ఉండగా.

పెద్దదాన్ని కాబట్టి నాకు నాయనమ్మ పేరు పెట్టారు. తరవాత పుట్టినదానికి బంగారమ్మ. నీ కుళ్ళు ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే, దాని బారసాల నాడే అని చెప్తాను.

పెంపకశాల రాకముందు, చల్లగది ఒక్కటే ఉన్ననాటి నుంచీ, ఇక్కడ ప్రతివాళ్ళూ పద్దెనిమిదో ఏట చెవి వెనక నుంచి చిటికెడు చర్మం ఇచ్చి దాచుకుంటారు. వయసు మళ్ళాక దాంట్లోంచే కొత్త చర్మం, కొత్త జుట్టు. సముద్రం ఊళ్ళోకి వచ్చి, ఎండ ఇంత పాడయ్యాక, ఇది సోకు మాత్రమే కాదు. బంగారి సూదికి భయపడి చిటికె ఇవ్వలేదు. ఇరవయ్యో ఏట దాని బ్యాటరీ పడవ అంటుకుని నెత్తి, నుదురు కాలిపోయాయి. కాలిన ఒంట్లోంచి తీసిన చిటికె రెండుసార్లూ మొలవలేదు.

"నీకు నెత్తి నిండా ఉంది కదే. సెల్లికిచ్చీయే," అని మా అమ్మ నా గడ్డం పట్టుకుంది. ఇచ్చేశాను. అప్పుడు నాకు ఇరవై రెండు, జడ నడుం దాటేది, ముసలితనం ఇంకెవరికో వచ్చే జబ్బు అనుకునేదాన్ని. ఇంకొకరి జుట్టు పెట్టుకున్న పిల్లకు సంబంధం రాదని, ఎవరికీ చెప్పనని అమ్మ నాచేత ఒట్టు కూడా వేయించుకుంది. ముప్పై దాటాక తీసిన చిటికె మొలవదు, ఇంకోసారి ఇద్దామని నాకు తోచేసరికి ముప్పై దాటిపోయింది. ఇప్పుడు నాకు నలభై ఏడు. చెంపల మీద అరచేయంత మంగు, నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు. ఈ ఊళ్ళో నా వయసువాళ్ళలో నెరిసినది నేనొక్కదాన్నే.

రోజు 5

తట్ట మీద పొర కట్టింది, పాల మీద మీగడలాగ. వేడి సరిగ్గా ఉంది.

బంగారి రక్తం ఇవ్వడానికి వచ్చింది. వారానికోసారి రావాలి. ఆ రక్తాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెడితే ఎర్రది అడుక్కి పోయి పైన పసుపురంగు తేట నిలుస్తుంది. ఆ తేట పోస్తూ పెంచితేనే తట్ట ఆ మనిషిని ఎరుగుతుంది. మేము దాన్ని ఇల్లు చెప్పడం అంటాం. ఏ ఇంటికి వెళ్ళాలో ఆడపిల్లకు చెప్పి పెంచినట్టు. ఇల్లు తెలియని తట్ట తెచ్చి పెడితే ఒళ్ళు దాన్ని తోసేస్తుంది.

"పీతలు తెచ్చినానప్పా, పులుసెట్టుకో," అంటూ డబ్బా బల్ల మీద పెట్టింది. చెయ్యి చాపి రక్తం ఇస్తూ, చెవి పక్క జుట్టు ఎత్తి చూపించింది. పాత పొర అంచు లేచిపోతోంది, కింద ఎర్రగా గీత. "ఎనిమిదేళ్ళయింది కదా. ఎండలో సుర్రుమంటంది. ఇదే ఆకరిదట కదా?"

"ఆకరిదే."

"ఎలాగైనా బాగా పెంచప్పా," అంది, నేనేదో మిగతా తట్టలు పాడుచేస్తున్నట్టు.

అప్పుడే డాక్టరు నిర్మలాదేవి వచ్చింది. ఆవిడ నన్ను చూడలేదు. బంగారి జుట్టు మీద చెయ్యి వేసి, నలభయ్యో రోజున కొత్తది పెడతామని, యాభయ్యో రోజున పాతికేళ్ళ వేడుకలో మొట్టమొదట పెట్టించుకున్న మనిషిగా బంగారికి వేదిక మీద శాలువా కప్పుతామని చెప్పింది. బంగారి మొహం వెలిగిపోయింది.

"నువ్వూ రావాలప్పా. ముందు వరసలో కూకో," అంది నాతో.

పీతల పులుసు పెట్టాను. బాగుంది. అందుకు కూడా ఒళ్ళు మండింది.

రోజు 7

మధ్యాహ్నం మా ఆయన రేవులో బంగారిని చూశాడట. రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టాడు. "ఎండగంట మోగీసింది. అందరూ నీడకి పరిగెత్తినారు. మీ సెల్లి ఒక్కర్తీ పడవెక్కింది. ఆ జుట్టు సూడాల, అమ్మోరిలాగుంది."

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ మనిషికి నేను చెప్పలేదు, ఒట్టు కదా. నాకు పెళ్ళయ్యేనాటికే కాన్పు లేకుండానే జుట్టు రాలడం మొదలైంది. ఆయన నన్ను చేసుకున్నది జుట్టు చూసి కాదు, అది నాకు తెలుసు. కానీ ఆయన దాన్ని మెచ్చుకుంటుంటే కంచం ఎత్తి పోయాలనిపించింది. పోయలేదు, మజ్జిగ వడ్డించాను.

రోజు 8

ఈరోజు చేసింది ఆఫీసు పుస్తకంలో లేదు.

పొద్దున తేట పోసే వేళకి గదిలో ఎవరూ లేరు. బంగారి తేట సీసా చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. నా చేతికి నేనే సూది గుచ్చుకుని రక్తం తీసి, యంత్రంలో తిప్పి, నా తేట పోశాను. మొత్తం పావుగంట పట్టలేదు. దాని తేటలో ఆ పూట వాటా తూములో పారబోశాను.

ఏమనుకుని చేశానని అడిగితే చెప్పలేను. దొంగతనం చెయ్యాలని కాదు. నావి నాకు ఒక పూట అన్నం పెట్టుకుంటే తప్పేమిటి అనిపించింది. పొర మీద తేట పడి ఇంకిపోతుంటే కడుపులో మంట చల్లారింది. మధ్యాహ్నం దాకా పాట పాడుకుంటూ పని చేశాను. మేస్త్రి కూడా "ఏటే, హుషారుగున్నావు," అన్నాడు.

రోజు 9

భయమేసింది. రెండు పూటలా బంగారి తేటే పోశాను, కొంచెం ఎక్కువ కూడా పోశాను. ఒక్క పూటకు ఏం కాదులే.

రోజు 13

సంతలో చీపుర్లమ్మే ఆవిడ నన్ను చూసి "బంగారమ్మ తల్లివా?" అంది.

అప్పని అని చెప్పాను. "అయ్యో, అలాగేటి," అని నా మొహం వంక జాలిగా చూసింది. ఆ జాలి నన్ను ఇంటిదాకా వదల్లేదు.

పొద్దునా సాయంత్రం నా తేటే.

రోజు 17

ఒకరోజు దానిది, రెండురోజులు నాది, మళ్ళీ దానిది. అది పీతలు తెచ్చిన రోజు దానిది. గోడ మీది బొమ్మ తుడిచిన రోజు నాది. పెంపకశాలలో చేరిన మొదటిరోజే నేర్పుతారు, ఒక తట్టకు ఒకే ఇల్లు చెప్పాలని. ఇరవై ఏళ్ళుగా కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే ఈ మాట చెప్తూ వస్తున్నాను.

పొర మీద నల్లటి చుక్కలు వచ్చాయి. అవే జుట్టు కుదుళ్ళు. ఎన్నున్నాయో లెక్కపెట్టడం వీలుకాదు, అంత ఒత్తుగా ఉన్నాయి. మేస్త్రి భూతద్దం పెట్టి చూసి, ఇలాంటి తట్ట ఈ మధ్య చూడలేదన్నాడు. నాకు గర్వమేసింది. తరవాత, ఈ గర్వం ఎవరి తల మీదికి వెళ్తుందో గుర్తొచ్చింది.

రోజు 19

బంగారి రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు అడిగేశాను. ఇరవై అయిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"వేడుకలో నా పేరు సెప్తావేటే?"

దానికి వెంటనే అర్థమైంది. తెలియనట్టు నటించలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. "ఇచ్చినోళ్ళ పేరు సెప్పకూడదని రూలు కదప్పా," అంది.

"డాక్టరమ్మ సెప్పకూడదు. నువ్వు సెప్పకూడదని ఏ రూలుంది? అమ్మ కూడా లేదిప్పుడు. నీ పెళ్ళయ్యి నీ కొడుక్కి మీసాలొచ్చినాయి. ఇంకెవరికి భయం?"

సూది గుచ్చిన చోట దూది నొక్కుకుంది. "నాకిష్టం లేదు," అంది. "సెప్తే రేపట్నించి అందరూ నా తలకాయి సూసి, తరవాత నీ వంక సూస్తారు. నాదేదీ లేదన్నట్టు ఉంటాది. పాతికేళ్ళు ఈ జుట్టుతో పడవ నడిపినాను, అప్పా. నాది కాదని నానెలా సెప్పను?"

నిజమే చెప్పింది. ఆ నిజం విని నాకు కలిగిన కోపం, అబద్ధం చెప్పి ఉంటే కలిగేది కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నాదని నేను అనకూడదట, తనది కాదని తానూ అనదట.

అది వెళ్ళాక దాని వారం తేట మొత్తం తూములో పోశాను. ఖాళీ సీసాలు నా తేటతో నింపి, దాని పేరున్న చీటీలే అతికించి పెట్టాను.

రోజు 25

ఆరు రోజులు వరసగా నాదే. కళ్ళు తిరుగుతున్నాయి, అంత రక్తం తీస్తున్నాను. మా ఆయన మేక కార్జం తెచ్చి వేయించాడు. "ఏటైందే నీకు, పాలిపోయినావు," అన్నాడు. ఈ మనిషికి నా మీద ప్రేమ లేకపోలేదు. దానికైనా నేను సంతోషించి ఊరుకోవచ్చు, ఊరుకోలేకపోతున్నాను.

రోజు 29

జుట్టు వచ్చింది.

మూత తీసేసరికి నూగుగా, నల్లగా, మెత్తగా, తట్ట నిండా ఉంది. అర అంగుళం పొడవు. చేతి తొడుగు విప్పేసి, వేలి చివరతో రాశాను. అలా చెయ్యకూడదు. రాసి, కూర్చుండిపోయాను. పద్దెనిమిదేళ్ళప్పుడు తలంటు పోసుకుని వాకిట్లో ఆరబెట్టుకుంటున్నప్పుడు నా వేళ్ళకు తగిలింది ఇదే. బంగారి తల మీద చూసినప్పుడు అది దాని జుట్టులాగే ఉండేది. ఇక్కడ ఎవరి తల మీదా లేకుండా ఉంటే, నాదని నాకు తెలిసిపోయింది.

ఇంక దాచుకోవడం దేనికి? ఇది నాకు కావాలి. ఒక పూట మంట చల్లారడానికి కాదు. నా తల మీద కావాలి. ఎలాగో తెలియదు గాని కావాలి.

రోజు 33

బంగారి తడిగుడ్డ నెత్తికి చుట్టుకుని వచ్చింది. పాత పొర నుదుటి దగ్గర నాలుగు వేళ్ళ మేర ఊడిపోయింది. కింద కాలిన చర్మం నిగనిగలాడుతూ, పలచగా, నరాలు కనిపించేటట్టు ఉంది. పాతికేళ్ళ తరవాత మళ్ళీ చూశాను దాన్ని. మధ్యాహ్నం పడవ ఆపేసిందట. ఊరి చివర మెట్టల మీదివాళ్ళు మందులకీ నీళ్ళకీ ఆ మధ్యాహ్నం పడవ మీదే ఆధారం. ఇంకెవరూ ఆ ఎండలో నడపలేరు, కొత్త చర్మం ఉన్నవాళ్ళకి కూడా ఆ అలవాటు లేదు.

"ఇంక వారమే కదప్పా. ఓర్సుకుంటాను," అంది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే రక్తం ఇచ్చింది.

నాకు అప్పుడు భయమేసింది. అది పోశాను, ఇది పోశాను అని ఇన్నాళ్ళూ నా మంట ఒక్కటే చూసుకున్నాను గాని, ఈ పొర పట్టకపోతే దాని నెత్తిన ఏముంటుందో ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా అబద్ధమే. ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కకి తోశాను.

ఈ సాయంత్రం నుంచి రెండింతలు, మూడింతలు, బంగారి తేటే పోస్తున్నాను. నలభై రోజుల పనిలో ఏడు రోజులు మిగిలాయి.

రోజు 37

చిటికె పరీక్ష. తట్ట అంచు నుంచి గోరంత ముక్క కోసి, పెట్టించుకోబోయే మనిషి ముంజేతి మీద అంటించి మూడు రోజులు చూస్తారు. అతుక్కుని పట్టితే నలభయ్యో రోజున మిగతాది తలకు పెడతారు.

మేస్త్రి నా ఎదురుగానే బంగారి చేతికి అంటించాడు. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను ఇంకో ముక్క కోశాను. నా ఎడమ ముంజేతికి అంటించుకుని, పట్టీ వేసి, జాకెట్టు చెయ్యి మోచేతి దాకా లాక్కున్నాను. ఎందుకు? రెండిటిలో ఏదో ఒకటి తేలాలని. బంగారికి పట్టాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నాకు పట్టకూడదని మాత్రం పెట్టుకోలేదు.

రోజు 39

పట్టీ ఎత్తి చూసుకున్నాను. పట్టింది. అంచు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. నా మంగు పట్టిన చేతి మీద గోరంత చోట పద్దెనిమిదేళ్ళ చర్మం, దాని మీద ఏడెనిమిది నల్లటి వెంట్రుకలు. అద్దం ముందు నిలబడి ఆ చెయ్యి చెంపకు ఆనించుకున్నాను.

బంగారి చెయ్యి చూడటానికి ధైర్యం చాలక పడవరేవు వైపు వెళ్ళలేదు.

రోజు 40

వరసగా రాస్తాను.

పొద్దున బంగారి, వాళ్ళాయన్ని కూడా తీసుకురాకుండా, ఒక్కర్తే వచ్చింది. డాక్టరు పట్టీ విప్పింది. ముక్క బొగ్గులాగ నల్లబడి, ఎండి, పట్టీతో పాటే ఊడి వచ్చింది. కింద ఎర్రగా వాచింది.

మేస్త్రి నా ఆఫీసు పుస్తకం తెచ్చి వేలు పెట్టి ఒక్కో గడీ చదివాడు. తేట, రెండు పూటలా. తేట, రెండు పూటలా. అన్నిటి కింద నా సంతకం. "ఏ లోటూ లేదమ్మా. పాతికేళ్ళలో ఇలా అవలేదు," అన్నాడు. పాపం, నన్ను కాపాడాలని చూస్తున్నాడని తెలిసి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బంగారి మాత్రం పుస్తకం వైపు చూడలేదు. నా వైపు చూసింది. చిన్నప్పుడు దాని బెల్లం నేను తినేస్తే ఎలా కనిపెట్టేదో అలాగే లేచి వచ్చి, నా ఎడమ చెయ్యి పట్టుకుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. పట్టీ తానే ఊడదీసింది.

గదిలో అందరూ చూశారు.

"ఎన్ని రోజులు పోసినావు?" అని అడిగింది.

"సగం పైన."

"నాకెప్పుడు పోసినావు?"

"జాలేసినప్పుడు."

అది కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. డాక్టరు అందుకుని నన్ను పనిలోంచి తీసేయాలని, పై ఆఫీసుకు రాయాలని, ఇలాంటి మనిషి చేతికి తట్టలు ఎలా ఇచ్చావని మేస్త్రిని నిలదీస్తూ గొంతు పెంచింది. మేస్త్రి నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు.

"తట్టనేటి సేస్తారు?" అని బంగారి అడిగింది.

"రేపటిదాకా బతుకుతుంది. తరవాత పారెయ్యడమే," అంది డాక్టరు.

"పారేత్తారేటి? అదింక మొలవదు కదా ఎప్పుడూ." బంగారి నెత్తి మీది తడిగుడ్డ సర్దుకుంది. "దానికి పెట్టీయండి. పై ఆఫీసుకి పట్టలేదని రాసీయండి, పేరొద్దు. మా అప్ప మీద నాను ఫిర్యాదివ్వను."

ఆ మాట నా మొహం చూసి చెప్పలేదు. చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వేడుక ముందు గొడవ ఎందుకని డాక్టరు కూడా ఒప్పుకుంది.

వద్దు అనాలి. అది నోటిదాకా వచ్చింది. పొరపాటున కూడా నేను దాన్ని బయటికి రానివ్వలేదు. ఇది రాయకపోతే ఈ పుస్తకం దండగ. మధ్యాహ్నం ఎండగంట మోగిన వేళకు నన్ను బల్ల మీద పడుకోబెట్టి తల గొరిగారు. సాయంత్రానికి నా జుట్టు నా తల మీద ఉంది.

రోజు 50

వేడుకకు వెళ్ళకూడదనుకున్నాను. మిగిలిపోయిన తట్ట నాకు పెట్టారని మాత్రమే తెలిసిన మా ఆయన బలవంతం చేశాడు. తలకు గుడ్డ కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను.

బంగారిని వేదిక మీదికి పిలిచారు. తలకు ఏమీ చుట్టుకోకుండా ఎక్కింది. సగం పొర ఊడి, మిగతా సగం గొరిగించేసుకున్న తల. డాక్టరు మొహం పాలిపోయింది. బంగారి మైకు అందుకుంది.

"ఇన్నాళ్ళూ నా తల మీదున్నది మా అప్ప దాలమ్మ జుట్టు. నాకు ఇరవయ్యేళ్ళప్పుడిచ్చింది. ఎవరికీ సెప్పలేదు. పాతికేళ్ళు వాడుకున్నాను. ఆకరి తట్ట అప్పకే ఇచ్చీసినాను."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చీపుర్లమ్మే ఆవిడ "ఎంత మనసు, ఎంత మనసు," అంటూ వెక్కింది. శాలువా కప్పారు, దండ వేశారు. నా పేరు అంతమంది మధ్య వినాలని పాతికేళ్ళు ఏడ్చాను. విన్నాను. విన్నవాళ్ళందరూ చూసింది దాని బోడితలనే.

నా దొంగతనాన్ని కూడా అది తన దానం చేసేసుకుంది. ఇంత జరిగాక కూడా నాకు కుళ్ళే వచ్చింది, సిగ్గు దాని వెనకాల ఎప్పుడో వచ్చింది.

దోవలో మా ఆయన నా తలగుడ్డ వంక చూశాడు. "అంటే ఇన్నేళ్ళూ నాను మెచ్చుకున్నది నీ జుట్టేనేటి?" అన్నాడు. ఔనన్నాను. "మరి సెప్పొచ్చు కదే పిచ్చిదానా," అన్నాడు. మిగతాది ఆయనకు ఇంకా చెప్పలేదు.

రోజు 131

ఇప్పుడు తట్ట ఏదీ లేదు. అలవాటుకొద్దీ రోజులు లెక్కపెడుతున్నాను. నన్ను తట్టల గదిలోంచి తీసేశారు, సీసాలు కడుగుతున్నాను. మేస్త్రి ఎదురైతే తల వంచుకుని పోతాడు. బంగారి పడవ తెల్లవారాక రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నడుస్తోంది. మధ్యాహ్నం మెట్టల మీదివాళ్ళు తెల్లజెండా ఊపుతుంటారు. ఎవరూ వెళ్ళరు.

తట్ట జుట్టు తొందరగా పెరుగుతుంది. భుజాలు దాటింది. సంతలో జనం తిరిగి చూస్తున్నారు. మొదటి నెల ఆ చూపులు తాగుతూ బతికాను, అది దాచను. కానీ జుట్టు నా మాట వినడం లేదు. నూనె రాస్తే అట్టలు కడుతుంది, జడ వేస్తే గంటలో జారిపోతుంది. పది రోజులుగా వెనక పెద్ద చిక్కు పడి ఉంది. కత్తిరిద్దామని కత్తెర కూడా తీశాను.

ఈరోజు మధ్యాహ్నం, పడవ లేని వేళ, బంగారి వచ్చింది. ఆ నలభయ్యో రోజు తరవాత మా గుమ్మం తొక్కడం ఇదే. నెత్తికి మందు రాసిన తెల్లగుడ్డ ఉంది. పీతలు లేవు. నన్ను పలకరించలేదు. నా చేతిలో కత్తెర చూసి, లాక్కుని, కిటికీ మీద పెట్టింది.

"కూకో," అంది.

పీట మీద కూర్చున్నాను. వెనక కూర్చుని దువ్వెన్న అందుకుంది.

"పైనించి దువ్వుతావేటి? దీన్ని కిందనించి మొదలెట్టాల. కొబ్బరినూనె దీనికి పడదు, నువ్వులనూనె ఎచ్చబెట్టి రాయాల. వాన ముసురుకి ఉంగరాలు తిరుగుద్ది, అప్పుడు ముట్టుకోకూడదు. ఎడంపక్క పాపిడి దీనికి గిట్టదు, ఎంత తీసినా కుడిపక్కకి పోద్ది."

నాకు ఇవేవీ తెలియవు. పద్దెనిమిది దాటాక నా నెత్తిన ఇది నాలుగేళ్ళో అయిదేళ్ళో నిలిచింది. దాని నెత్తిన పాతికేళ్ళు ఉంది. నా జుట్టు అది తాకగానే దువ్వెన్నలోంచి పాయలు పాయలుగా విడిపోతోంది. ఆ విడిపోవడం వీపు మీద తెలుస్తుంటే, చెప్తే నవ్వొస్తుందేమో గాని, మళ్ళీ నాకు కుళ్ళు వచ్చింది.

చిక్కు దగ్గరికి వచ్చింది. చిన్నగా కాకుండా ఒక్కసారిగా లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పెట్టిందేటి?"

"లేదు."

మళ్ళీ లాగింది, ఇంకా గట్టిగా. కొంతసేపయ్యాక నేనే అడిగాను. "నా మీద కోపం పోయిందేటే బంగారీ?"

"పోలేదు," అంది. "కదలకు."

నేను కదల్లేదు.